భాగం వేసిన కారు

ముప్పాళ్ళ బ్రహ్మయ్య గారి సంగతి ఎత్తితే నాకు ముందు కోపమే వస్తుంది. ఆయన మూలంగా నరసరావుపేట మెకానిక్కుల్లో నా పరువు గంగలో కలిసింది. “బోడి కారు కృపాదానం” అని నాకు పేరు పెట్టారు. సత్తెనపల్లి రోడ్డులో నా షెడ్డు ముందు నుంచి పోయే లారీ క్లీనర్లు కూడా ఆ పేరుతోనే కేకలు వేసేవాళ్ళు. లారీ క్లీనరుకు సైతం లోకువయ్యాక ఇంకేం మిగిలింది! అయినా ఇన్నాళ్ళూ నోరు కట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు బ్రహ్మయ్య గారు లేరు. ఆయన భార్య మహాలక్ష్మమ్మ గారు కూడా మొన్న ఎండాకాలంలో పోయారు. ఇంక చెప్తే ఎవరికీ నష్టం లేదు.

ఏభై ఎనిమిదిలో ఒక పొద్దున ఆయన మా షెడ్డుకు వచ్చారు. భుజం మీద కండువా, చంకలో గొడుగు.

“కృపాదానం అంటే నువ్వేనా?”

“నేనేనండి.”

“ముక్కలు చేసిన కారును మళ్ళీ కారు చేస్తావంటగా?”

“ముక్కలన్నీ ఉంటే చేస్తానండి.”

“ఒక ముక్క లేదు. అది ఎవరింట్లో పోయిందో నువ్వు తేల్చాల. కారు నడిచినా నడవకపోయినా నాకు అక్కర్లా.”

నాకు ఒళ్ళు మండింది. కారు నడవక్కర్లేనివాడికి మెకానిక్కు ఎందుకు, పోలీసును పిలుచుకోకూడదూ! ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆయన మొహం చూస్తే అనబుద్ధి కాలేదు. సంచీలో స్పానర్లు వేసుకుని ఆయనతో ముప్పాళ్ళ బస్సెక్కాను. బస్సులో సంగతంతా చెప్పుకొచ్చారు.

ఆ కారు ఏదో జమీందారు వాడి వదిలేస్తే బ్రహ్మయ్య గారి నాన్న కొన్నాడు. ఇంగ్లండులో తయారైన సీమ బండి. పైన గట్టి కప్పు ఉండదు. గుడ్డ టాపు ఉంటుంది, వానొస్తే ఇనప కమానుల మీదుగా లాక్కోవచ్చు, లేకపోతే వెనక్కి మడిచి పెట్టుకోవచ్చు. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళికొడుకులంతా దాంట్లోనే ఊరేగారట. టాపు తీసి తిరుగుతుంది కాబట్టి జనం దానికి బోడి కారు అని పేరు పెట్టారు.

ముసలాయన పోయాక అన్నదమ్ములు బ్రహ్మయ్య గారూ వీరయ్య గారూ వేరు పడ్డారు. మా వైపు పద్ధతి ఒకటుంది. పెద్దవాడు భాగాలు వేస్తాడు, చిన్నవాడు ముందుగా కోరుకుంటాడు. పెద్దవాడు తన వైపు మొగ్గు చూపకుండా ఎవరో తెలివైనవాడు పెట్టిన కట్టుబాటు. ఇంకొకటి కూడా ఉంది. ఇనుమూ కొయ్యా మగవాళ్ళు పంచుకుంటారు, కంచూ ఇత్తడీ ఆడవాళ్ళు పంచుకుంటారు. పొలాలూ ఎడ్లూ గడ్డివాములూ అన్నీ సాఫీగానే తెగాయి. కారు దగ్గర వచ్చింది తంటా. ఒకరు కారు తీసుకుని రెండోవారికి దాని బదులు ఇంకేదైనా ఇవ్వచ్చు కదా? ఉహూఁ. తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, ఇద్దరికీ. “కారూ నాన్నదే. అందులోనూ సగం నాదే,” అన్నాడు వీరయ్య గారు. “సగమే తీసుకో, ఎవరొద్దన్నారు?” అన్నారు ఈయన.

అంతే. ఆయిలింజన్లు బాగుచేసేవాడిని ఒకడిని పిలిపించి, బోల్టులన్నీ విప్పించి, కారును రెండు కుప్పలు పోశారు. చక్రాలు చెరి రెండు. దీపాలు చెరొకటి. ఇంజను ఒక కుప్పలో, గేర్లు ఒక కుప్పలో. మీకు నవ్వొస్తుంది, నాకూ వచ్చింది, బస్సని చూడకుండా పకపకా నవ్వాను. బ్రహ్మయ్య గారు నవ్వలేదు.

కుప్పలు పోసి, వీరయ్య గారు తన కుప్ప కోరుకున్నాక, ఆ ఆయిలింజన్లవాడు తల గోక్కుంటూ ఒక మాట అన్నాడట. “ఇందులో పెట్రోలు పంపు కనపడటల్లేదండి. అది లేకుండా ఏ కారూ ఉండదు” అని. విప్పించింది పెద్దాయన, కుప్పలు పోయించింది పెద్దాయన. కాబట్టి దాచింది కూడా పెద్దాయనే అన్నాడు వీరయ్య గారు. మాటామాటా పెరిగింది. పెద్దమనుషులు ఆంజనేయస్వామి గుడి దగ్గర ప్రమాణం చెయ్యమన్నారు. బ్రహ్మయ్య గారు తలస్నానం చేసి, తడిబట్టలతో వచ్చి, వెలిగే కర్పూరం చేత్తో ఆర్పి ఒట్టు పెట్టుకున్నారు. “నా వంతుకు రాని కారు సామాను నా గడపలోపల ఒక్కటి కూడా లేదు. ఉంటే నా వంశం నిలవదు.” ఆ మాటలే అన్నారట. నాతో చెప్పేటప్పుడు కూడా గుడిలో నిలబడ్డట్టే చెప్పారు.

రెండు నెలలకు బ్రహ్మయ్య గారి నాలుగేళ్ళ కొడుకు విషజ్వరమొచ్చి పోయాడు. ఒక్కడే కొడుకు.

ఊరు ఊరంతా ఒకే మాట అంది. దొంగ ఒట్టు తగిలిందని. ఊరు అంటే అననీ. ఆయన భార్య కూడా అదే నమ్మింది. ఇంట్లోంచి వెళ్ళిపోలేదు, ఏడ్చి యాగీ చెయ్యలేదు. వేళకు వండి పెట్టేది, నీళ్ళు తోడి పెట్టేది. మాట మాత్రం మానేసింది. పదేళ్ళయింది, మొగుడితో ఒక్క మాట లేదు.

“జ్వరంతో పోయినోడు జ్వరంతోనే పోయాడండి, ఒట్టుతో కాదు. అసలు ఒట్టే పెట్టుకోవద్దని మా గ్రంథంలో ఉంది,” అన్నాను.

“నీ గ్రంథం నువ్వు చదువుకోరా. బిడ్డను కన్నది అది. దానికేం చెప్తావు?” అన్నారు.

వీరయ్య గారు తన సగం కారును పాత ఇనుము కొనేవాడికి అమ్మబోతున్నాడని తెలిసి, పెద్దమనుషుల చేత చెప్పించి ఆ సగాన్ని కూడా ఈయన తెప్పించుకున్నారు. గోనెసంచులకు గోనెసంచులు అలాగే కుట్లు విప్పకుండా తన కొట్టంలో వేయించారు. పంపు తమ్ముడి సంచుల్లోనే ఎక్కడో ఉంటుందని ఆయన నమ్మకం. అది బయటపడితే దాన్ని తీసుకెళ్ళి భార్య ముందు పెట్టాలి. ఇదిగో, ఇది నా ఇంట్లో లేదు, నా ఒట్టు అబద్ధం కాదు, బిడ్డను నేను చంపుకోలేదు అని చెప్పాలి. ఆయనకు కావలసింది అదొక్కటే.

మర్నాటి నుంచి ఆ కొట్టమే నా లోకం. తెలిసిన సామాను ఎండలో గోనెపట్టాల మీద పరిచాను, తెలియనిది నీడలో కుప్ప పోశాను. నాకు పని నేర్పినాయన అలాగే చేసేవాడు. నీడలోది ఒక్కొక్కటే ఎండలోకి రావాలి. మొదట్లో నీడలోదే కొండంత ఉంది. కత్తెర లాగా మడుచుకునే ఇనప బద్దలు చూసి బావి గిలకకు సంబంధించినవేమో అనుకున్నాను. టాపును ఎత్తి నిలబెట్టేవి అవే. తోలు తొడిగిన గరాటు లాంటిది ఒకటి దొరికితే, ఆ ఇంటి పాలేరు అది ఎద్దుకు మందు పోసే గొట్టమని ఒట్టేసి చెప్పాడు. పోసి కూడా చూశాడట. అది క్లచ్చి! ఆ ఎద్దు ఏమనుకుందో మరి. టాపు కమానులు రెండు కనపడకపోతే వీరయ్య గారి పెళ్ళిబండి గూడుకు కట్టేసి ఉన్నాయి, ఆయన విప్పి పంపించాడు. కోపం ఉన్నా సామాను మాత్రం దాచుకోలేదు, ఆ మాట చెప్పాలి.

మహాలక్ష్మమ్మ గారు నాతో బాగా మాట్లాడేది. పదేళ్ళ మాటలన్నీ దాచిపెట్టుకుందేమో, కొట్టం గుమ్మంలో నిలబడి వానల సంగతీ మిరపతోట సంగతీ మా ఆవిడ సంగతీ అన్నీ అడిగేది. పూటపూటకీ కాఫీ తెచ్చేది. నా గ్లాసు వేరే, చూరులో దోపి ఉండేది. అది ఆ రోజుల్లో అన్ని ఇళ్ళలోనూ ఉన్న బాగోతమే. కడుక్కుని పట్టుకుంటే పైనుంచి పోసేది. కాఫీ మాత్రం చిక్కగా ఉండేది.

మొగుడికి ఏదైనా చెప్పాల్సి వస్తే ఆ ఇంట్లో ఒక పిల్లి ఉంది, దానికి చెప్పేది. “ఏమే, అన్నం వడ్డించా. చల్లారిపోద్ది,” అని పిల్లితో అనేది. బ్రహ్మయ్య గారు లేచి వెళ్ళేవారు. మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. నాలుగోసారికి నవ్వు రాలేదు. పిల్లి కూడా విసుగెత్తినట్టు లేచిపోయేది.

ఒకరోజు ఆమె నన్నే అడిగేసింది. “అబ్బాయ్, ఆ పంపు దొరికిద్దంటావా?”

“దొరక్కేమమ్మా. పంపు లేని కారు ఉండదు.”

“ఎవరి సంచిలో దొరికిద్ది?”

“అది నాకెట్టా తెలుస్తదమ్మా?”

“మరిది సంచిలో దొరకాలని రోజూ దండం పెట్టుకుంటన్నా. ఆయనకు చెప్పమాక,” అని వెళ్ళిపోయింది. నేను చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదేమో.

అన్ని సంచులూ అయిపోయాయి. పంపు లేదు. నేను గట్టివాడిని, ఓడిపోయానని ఒప్పుకోవటం నాకు చేతకాదు. ఇంజనును దిమ్మె మీదకు ఎక్కించి చుట్టూ తిరిగి చూశాను. ఇంజనుకూ ముందు సీటుకూ మధ్య ఒక రేకు గోడ ఉంటుంది. ఆ గోడకు రెండు బోల్టు చిల్లులున్నాయి, అక్కడ ఏదో బిగించి ఉండేదన్నది ఖాయం. అక్కడికి మూడు సన్నటి రాగి గొట్టాలు వచ్చి ఆగిపోయాయి. ఒకటి వెనక పెట్రోలు ట్యాంకు నుంచి, ఒకటి పెట్రోలును గాలితో కలిపే కార్బురేటరు నుంచి, ఒకటి ఇంజను గాలి పీల్చే దారి నుంచి. పంపు అక్కడే ఉండాలి. కానీ పంపు ఆడాలంటే ఇంజనులో ఏదో ఒకటి దాన్ని కదిలించాలి కదా? ఇంజనుకు ఆ ఏర్పాటే లేదు. పంపుకు గాలి గొట్టంతో పనేంది? నా తల తిరిగిపోయింది.

అప్పుడు చిలకలూరిపేట పోయాను. అక్కడ అబ్దుల్ రహీమ్ అని ఒక ముసలి మెకానిక్కు ఉండేవాడు. జమీందార్ల కార్లకు పనిచేసి చేసి వెన్ను వంగిపోయినవాడు. నేను చెప్పిందంతా విని బీడీ పారేసి నవ్వాడు.

“అరే బేటా! ఆ కాలం బండికి పంపేందిరా? నువ్వు పంపులొచ్చాక పుట్టిన మెకానిక్కువి.”

“పంపు లేకపోతే పెట్రోలు ఎట్టా వస్తది భాయ్?”

“ఇంజను గాలి పీల్చుకుంటది గదా. ఆ పీల్పుతోనే వెనకాల ట్యాంకులోంచి పెట్రోలు కూడా పైకి లాక్కుంటది, గొట్టం పెట్టి కల్లు పీల్చినట్టు. లాక్కున్నది ఒక డబ్బాలో పడతది, అక్కడి నుంచి కార్బురేటరులోకి జారతది. అంతే.” సుద్దముక్కతో నేల మీద గీసి చూపించాడు. జానెడు పొడుగు ఇత్తడి డబ్బా. లోపల ఇంకో డబ్బా. పైన చిల్లుల మూత. అడుగున చిన్న కుళాయి. గోడకు బిగించటానికి పక్కన రెండు చెవులు. “ఆ డబ్బా వెతుక్కో. నా దగ్గరున్నయ్యన్నీ యుద్ధంలో పాత ఇత్తడికి పోయినయ్.”

తిరుగు బస్సులో నాకు కాళ్ళు ఆగలేదు. డబ్బా సంగతి తర్వాత. అసలు పంపే లేదు! ఆ ఆయిలింజన్లవాడు తనకు తెలిసిన ఇంజన్లన్నిటికీ పంపు ఉంది కాబట్టి దీనికీ ఉండాలన్నాడు. నేనూ అదే అన్నాను. లేని వస్తువు కోసం అన్నదమ్ములు విడిపోయారు, లేని వస్తువు మీద ఒట్టు, లేని వస్తువు కోసం ఒక ఆడమనిషి పదేళ్ళు పిల్లితో మాట్లాడింది.

బ్రహ్మయ్య గారు అరుగు మీదున్నారు. చెప్పాను. అర్థం కాలేదు, మళ్ళీ చెప్పించుకున్నారు. ఆ డబ్బా ఎలా ఉంటుందో కూడా చేతులతో చూపించాను. ఆయన దాన్ని పట్టించుకోలేదు.

“డబ్బా సరే, వెతుకుదువు గానిలే. పంపు లేదంటావు.”

“లేదండి.”

“అసలు ఎప్పుడూ లేదు.”

“లేనే లేదండి. దొంగిలించటానికి ఉంటే గదా!”

ఆయన లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళారు. లోపలికి చూస్తూ గట్టిగా అన్నారు. “ఇన్నావా? ఆ కారుకు పంపే లేదంట. రహీమ్ అని చిలకలూరిపేటలో పెద్ద మెకానిక్కు, ఆయనే చెప్పాడంట. ఒట్టు అబద్ధం కాదు మాలచ్చమ్మా. నేను అబద్ధం ఆడలా.”

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. నా మొహంలోకి చూసింది, నిజమేనా అన్నట్టు. నేను తల ఊపాను. అప్పుడు మొగుడి వైపు తిరిగింది.

“పొద్దున్నుంచి ఏం తినలా మీరు. వెళ్ళి కాళ్ళు కడుక్కోండి,” అంది.

పిల్లికి కాదు. ఆయనకే చెప్పింది. బ్రహ్మయ్య గారు కండువా మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేను కొట్టంలోకి వెళ్ళి ఊరికే ఒక బోల్టును విప్పి మళ్ళీ బిగించాను.

ఆ వారమంతా ఆ ఇంట్లో పండగే. తమ్ముడికి కబురు వెళ్ళింది. వీరయ్య గారు ముందు నమ్మలేదు, తర్వాత నమ్మాడు, ఆ తర్వాత తనే వచ్చాడు. అన్నగారి అరుగు మీద పదేళ్ళ తర్వాత కూర్చోవటానికి ఆయనకు మొహమాటం. “మరి పెట్రోలు ఎట్టా వస్తదిరా?” అని నన్ను అడిగాడు. “ఇంజనే పీల్చుకుంటదండి,” అన్నాను. “అట్టనా!” అని ఊరుకున్నాడు. ఆ డబ్బా గొడవ ఆయనకెందుకు, తర్వాత నిదానంగా చెప్పొచ్చు అనుకున్నాను.

అన్నదమ్ములిద్దరూ అరుగు మీద, నేను కింద మెట్టు మీద. మహాలక్ష్మమ్మ గారు లోపలి నుంచి వచ్చింది, మొహం వెలిగిపోతోంది. చేతుల్లో ఏదో పట్టుకుని చెంగు కప్పింది.

“మరిదీ, ఇయ్యాళ నీకు జమీందారీ కాఫీ,” అంది.

“అదేందొదినా?”

“ఇప్పుడు చెప్తే తప్పేముందిలే. ఆనాడు పంపకాల్లో మీరు కారు ఇప్పదీస్తుంటే, ఇనప సామాను మధ్యన ఇది దొర్లతా కనపడింది. ఇత్తడి మాదే గదా, మగాళ్ళ కుప్పలో ఎందుకుండాల? జమీందారు గారు కార్లో పెట్టుకు తిరిగే కాఫీ ఫిల్టరు కాబోలనుకున్నా. మీ ఆవిడ చూసిందంటే దీన్ని కూడా సగం చెయ్యమంటదని చెంగు చాటున పెట్టుకొచ్చి అటక మీద పడేశా. తర్వాత ఏ కాఫీలు, ఏ సరదాలు... మర్చేపోయా. మొన్న అటక దులుపుతుంటే దొరికింది. చింతపండేసి తోమా.”

చెంగు తీసి అరుగు మీద పెట్టింది. తళతళలాడుతోంది.

జానెడు పొడుగు ఇత్తడి డబ్బా. లోపల ఇంకో డబ్బా. చిల్లుల మూత. అడుగున చిన్న కుళాయి. పక్కన రెండు చెవులు.

“అమ్మ వదినా! నా కళ్ళ ముందరే కొట్టేశావే!” అని వీరయ్య గారు తొడ చరుచుకుని నవ్వాడు. ఆమె కూడా నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నేను నోరు తెరిచాను. మాట రాబోతోంది, ఎలా వచ్చి ఉండేదో నాకే తెలియదు. “ఇదేనండీ” అని ఉండేవాడినేమో, మెకానిక్కు బుద్ధి కదా, దొరికిందన్న సంతోషం ఒకటి ముందుకు తోస్తుంది. బ్రహ్మయ్య గారు నా వైపు చూశారు. ఆ రోజు అరుగు దగ్గర నేను చేతులతో చూపించిన డబ్బా ఆయనకు గుర్తుంది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నా వంతుకు రాని కారు సామాను నా గడపలోపల ఒక్కటి కూడా లేదు, ఉంటే నా వంశం నిలవదు. ఆయన ఆ మాటలు అంటున్నప్పుడు ఇది ఆయన అటక మీదే ఉంది. పెట్టింది ఎవరో ఇప్పుడు నవ్వుతూ తనే చెప్పింది.

ఆయన చూపులో నాకు ఒక్కటే కనపడింది. మాట్లాడావంటే చంపుతా అని. నేను నోరు మూశాను.

“ఏందండీ అట్టా చూస్తన్నారు? ఫిల్టరు కాదా ఏంది?” అందామె.

“ఫిల్టరే,” అన్నారు బ్రహ్మయ్య గారు. “మంచి ఫిల్టరు. ఇంతకాలం దాచిపెట్టావేంది? పొయ్యి, కాఫీ పొయ్యి.”

పైడబ్బాలో గుడ్డ వేసి పొడి వేసి మరిగే నీళ్ళు పోసింది. కుళాయి తిప్పితే డికాషను దిగింది. ముగ్గురికీ పోసింది, నాది నా గ్లాసులో. మొదటి గుక్కకే నా నాలుక మీద పాత పెట్రోలు. వీరయ్య గారు పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

“వదినా, ఇదేందో కిరసనాయిలు వాసన కొడతందే!”

ఆమె మొహం చిన్నబోయింది. బ్రహ్మయ్య గారు గ్లాసెత్తి అడుగు దాకా తాగారు. మూతి తుడుచుకున్నారు.

“నీ ముక్కు చెడిందిరా వీరిగా. బ్రహ్మాండంగా ఉంది. నాకింకో గ్లాసు పొయ్యి,” అన్నారు.

రెండో గ్లాసు కూడా తాగారు. నేను కూడా తాగాను. ఏం చేస్తాను మరి!

ఆయన సాయంత్రం కొట్టంలోకి వచ్చారు. కారు అంతా నిలబెట్టి ఉంది. గుడ్డ టాపు వెనక్కి మడిచి ఉంది. చూడ్డానికి పెళ్ళికి తయారైనట్టే ఉంది, ఒక్క డబ్బా తక్కువ. బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

“దానికి తెలిస్తే బతకదు,” అన్నారు.

“నేను వేరే డబ్బా ఒకటి చేయించి పైన కట్టి నడిపిస్తానండి. అసలుది లేకపోయినా నడుస్తది.”

“నడిస్తే ఎట్టా నడిచిందని అడుగుతారు. పాత డబ్బా ఏదంటారు. ఎట్టా ఉంటదంటారు. ఆ రహీమ్ గీసినట్టు ఎవడో ఒకడు గీసి చూపిస్తాడు. ఇది వింటది. వద్దు. ఆ బండి నడవకూడదు.”

“మరి ఎందుకు నడవలేదంటే ఏం చెప్తారండి?”

ఆయన నా మొహంలోకి చూడలేదు. “నువ్వే చెప్పు,” అన్నారు.

నాకు అర్థమైంది. ఒళ్ళంతా మండిపోయింది. ఈ చుట్టుపక్కల నేను పట్టుకున్న బండి నడవకుండా ఆగింది లేదు. నలిగిపోయిన బస్సుల్ని లేపి నిలబెట్టినవాడిని. ఒట్లు పెట్టుకున్నది వాళ్ళు, చెంగు చాటున దాచింది వాళ్ళు, పరువు పోయేది నాదీ! ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. ఆయన తల వంచుకుని విన్నారు. ఆ ఇంటి పెద్ద నా ముందు తల వంచుకుని నిలబడటం అప్పుడే చూశాను, మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. నేనే ముందు ఆగిపోయాను.

“తెల్లారాక నాలుగు తిట్లు తిట్టండి. గట్టిగా తిట్టండి, లేకపోతే నమ్మరు,” అన్నాను.

మర్నాడు పొద్దున వీరయ్య గారూ ఇంకో నలుగురైదుగురూ కారు కదలటం చూడటానికి వచ్చారు. హ్యాండిలు తిప్పి తిప్పి నా భుజాలు పోయాయి. ఇంజను దగ్గను కూడా దగ్గలేదు. ఎలా దగ్గుతుంది? అప్పుడు బ్రహ్మయ్య గారు లంకించుకున్నారు.

“ఒరేయ్, పని రానోడివి రాదని చెప్పొచ్చుగదరా! లక్షణమైన బండిని పాడు చేశావు గదరా! నీకు స్పానరు ఇచ్చినోణ్ణి అనాల!” ఊరంతా వినపడేట్టు తిట్టారు. నేను చెప్పిన దానికంటే బాగానే తిట్టారు. వచ్చినవాళ్ళు నవ్వారు. ఆ నవ్వే ముప్పాళ్ళ నుంచి బస్సెక్కి నాకంటే ముందు నరసరావుపేట చేరింది.

స్పానర్లు సంచీలో వేసుకుని బయల్దేరాను. గేటు దగ్గర మహాలక్ష్మమ్మ గారు నిలబడి ఉంది, చేతిలో గ్లాసు. నా చూరు గ్లాసు కాదు. ఇంట్లోది.

“ఆయన మాటలు పట్టించుకోమాక అబ్బాయ్. కోపం ఎక్కువ గానీ మనసు మంచిది. కారు నడవకపోతే నడవకపోయింది, అందరికీ అన్ని పనులూ వస్తయ్యా ఏంది? ఇది తాగి పో. కొత్త ఫిల్టరులోనే తీశా, ఇయ్యాళ వాసన లేదు చూడు.”

తీసుకున్నాను. మొదటి గుక్కలో వాసన అలాగే ఉంది. ఆమె నా మొహంలోకే చూస్తోంది. పూర్తిగా తాగి గ్లాసు ఇచ్చాను.

“ఎట్టా ఉంది?”

“చానా బాగుందమ్మా,” అన్నాను.

లోపలి నుంచి బ్రహ్మయ్య గారు ఏదో అడిగారు. “ఆఁ, వస్తన్నానండీ,” అంటూ ఆమె గబగబా లోపలికి వెళ్ళింది.